ఆ ఒక్క చెక్క

పిల్లలు సెలవులకి వెళ్ళిన మర్నాడే దిగాం,
నలుగురు వడ్రంగులం, ఇద్దరు పైపులవాళ్ళు,
రంగులేసే ఆష్బీ, అతని రేడియో.
ష్రాప్‌షైర్ కొండల మీద ఆడపిల్లల బడి,
ఏడు వారాల్లో మూడు బోర్డింగ్ ఇళ్ళు.
కాగితం మీద ఉంది: నిప్పునాపే తలుపులు,
మంచం మంచానికీ ఒక దీపం, ఒక ప్లగ్గు.
చివర్న, "నేల చెక్కలన్నీ బిగించాలి. చప్పుడు రాకూడదు."

పాత మంచాలు కాళ్ళు పైకెత్తి లారీ ఎక్కాయి.
బీరువాల వెనక గుప్పెళ్ళకొద్దీ తలపిన్నులు,
ఒంటి మేజోళ్ళు, ఒక పళ్ళతీగ,
ఎవరో తినలేక దాస్తే రాయైపోయిన రొట్టె అంచులు.
కెండల్ అన్నీ ఒక బకెట్లో వేశాడు.
పారేయమని ఎవరూ అనలేదు, ఉంచమనీ అనలేదు.
ఇప్పటికీ నా వ్యాన్లోనే ఉంది.

రెండోవారం హెస్టర్ ప్రాసర్ వచ్చింది,
ఇరవయ్యారేళ్ళుగా ఆ ఇంటి వార్డెను.
ట్రేలో ఐదు టీలు. మేం ఏడుగురం.
"పై వరండా ఎంతవరకొచ్చింది?"
సగం అన్నాను.
చెప్పులు విడిచింది. కళ్ళు మూసుకుని
మిగిలిన సగం మీద నడిచింది.

గోడలకి చెవులుంటాయంటారు,
ఆ ఇంట్లో నేలకి నోరుంది.
"ఇది బిస్కెట్ల దొంగలది.
ఇది కిటికీ దగ్గర సిగరెట్లది,
మొదటి కిర్రుకి లేచేదాన్ని కాదు, రెండోదానికి లేచేదాన్ని.
ఇది మాత్రం అందరికీ తెలుసు, అందరూ దాటేసి పోతారు,
అంచేత ఇది పలక్కపోతేనే లేచేదాన్ని."
తనలో తనే నవ్వుకుంది.

మెట్ల పక్కన, ఒకప్పటి టెలిఫోను మూల.
ఫోను పీకేసి పదిహేనేళ్ళు, గోడకి నాలుగు బెజ్జాలు.
"అది పోయినా ఇక్కడికే వస్తారు" అంది.
"లాగోస్ పిల్ల ఇఫెయోమా, మొదటి టర్మంతా
రాత్రి రెండింటికొచ్చి నిలబడేది.
ఏడ్చేది కాదు.
బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి.
కిర్రు. కిర్రు.
నేను పాలు వెచ్చబెట్టుకోడానికి లేచేదాన్ని,
నాకోసమే లేచినట్టు."

ఈ ఒక్కటీ బిగించకు, అంది.
కాగితం చూపించాను. చూడలేదు.
కిర్రుమనే నేల వడ్రంగికి పరువు తక్కువ,
ముప్పయ్యేళ్ళు నేను అమ్ముకున్నది నిశ్శబ్దమే.
సరే అన్నాను. తేలికనుకున్నాను.

కింద కొత్త ఉన్ని పరిచాం, పైన పాత చెక్కే వేశాం,
అది మూగపోయింది.
మేకుకీ చెక్కకీ నడుమ వెంట్రుకవాసి సందులో
కాపురముండే చప్పుడది,
ఒకసారి ఇల్లు మారితే దొరకదు.
మూడు మధ్యాహ్నాలు విప్పాను, గీకాను, మళ్ళీ కొట్టాను.
చప్పుడు చెయ్యడానికి మనకి కూలిస్తున్నారా
అని ఆష్బీ రేడియో తగ్గించి మరీ అడిగాడు.
నాలుగోరోజు పలికింది.
తనిఖీకొచ్చిన ఇంజనీరు దాని మీదే ఆగి నావైపు చూశాడు.
పాత చెక్క కదా, సర్దుకుంటుందన్నాను.

ఆ రాత్రే ప్లాను విప్పితే తెలిసింది,
వార్డెను గది ఇక పైన కాదు. కింద, వెనకవైపు.
ఆమెకి తెలుసో లేదో అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ ఖాళీ గదిలో
ఆమె మంచం పడే చోట వెల్లకిలా పడుకున్నాను.
సున్నం వాసన, ఇంకా తడి.
కెండల్‌ని పైకి పంపాను, బూట్లు విప్పి నిలబడమని.
పంతొమ్మిదేళ్ళవాడు, పదహారుకే ఇల్లు వదిలాడట,
ఎందుకో ఎన్నడూ చెప్పలేదు.

చాలాసేపు ఏమీ లేదు. పైపులో నీళ్ళు.
తర్వాత, సన్నగా,
పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపినట్టు.
ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి.

వినిపించింది, ఇక దిగిరా అని అరిచాను.
వాడు వెంటనే దిగిరాలేదు.